ఆకలి రుచెరగదన్న మాట చెల్లని చోట: పన్నెండేళ్ల పాప కేస్ స్టడీ

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే తినడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉన్నవాళ్లకి సాయపడతాను. గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్నంలో పిల్లలతో పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి పాప, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఊరు, బడి, ఇంటి వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. పాపని ఇక్కడ బుజ్జి అంటాను. వైద్యం చూసింది పిల్లల డాక్టరు గారు, ఆటిజం నిర్ధారించింది క్లినికల్ సైకాలజిస్టు. తిండి దగ్గర పని నాది. మందుల మోతాదులు రాయడం లేదు, అవి డాక్టరు చూసి చెప్పాల్సినవి.

నేపథ్యం

బుజ్జిని మొదటిసారి తీసుకొచ్చింది దసరా సెలవుల్లో. తండ్రి ఎత్తుకుని మెట్లెక్కారు. పన్నెండేళ్ల పిల్ల. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు. వెనకాల తల్లి, ఆవిడ వెనక స్టీలు క్యారేజీ పట్టుకుని మామ్మ గారు. అందులో ఏముందని అడిగితే, "అన్నం కలిపి తెచ్చానమ్మా, మీ ముందైనా ఒక ముద్ద తింటుందేమోనని" అన్నారు.

కొబ్బరి తోట, కాస్త వరి చేను ఉన్న కుటుంబం. పెరట్లో జామ, అరటి, ములగ ఉన్నాయి. తిండికి కొదవ లేదు. పేచీ మాత్రం అన్నప్రాశన నాటి నుంచీ ఉంది. మెత్తటి పప్పన్నం నాలిక మీద పడితే డోకేది. మూడేళ్లప్పుడు పాతిక రకాలైనా తినేది, బడికి వెళ్లే నాటికి అవి పన్నెండుకి వచ్చాయి. నెయ్యి, ఉప్పు వేసిన తెల్లన్నం, పాలు, ఒకే కంపెనీ గ్లూకోజ్ బిస్కెట్లు, ఒకే కొట్టు జంతికలు, అప్పడాలు, మరమరాలు, సన్నగా తరిగి కరకరలాడేలా వేయించిన బంగాళాదుంప, అంచులు ఎర్రగా కాలిన అట్టు, ఇలా. అన్నీ తెలుపో లేత గోధుమ రంగో. సగానికి పైగా నమిలితే చప్పుడయ్యేవి.

చదువులో బుజ్జి ఎప్పుడూ ముందే. మాట స్పష్టం, పెద్దలంటే మర్యాద. అందుకే ఆటిజం అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కొత్త బట్టల మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తే గాని వేసుకోదు. పెళ్లి బ్యాండు వినబడితే చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెడుతుంది. బడికి కాలవ గట్టు దారినే వెళ్లాలంటుంది. ఇవన్నీ "దాని తీరే అంతండీ" అని ఇంట్లో సర్దుకుపోయారు. నెమ్మదిగా, తెలివిగా ఉండే ఆడపిల్లల్లో ఆటిజం ఇలాగే కనబడకుండా పోతుంది. ఆ సర్దుబాటే చాలాకాలం ఆ పిల్లని కాపాడిందని కూడా నేను అనుకుంటాను.

నా దగ్గరికి వచ్చేలోపు చేయనిది లేదు. దిష్టి తీశారు, నులిపురుగుల మాత్ర వేశారు, బతిమాలారు, కొట్టారు. ఆకలి పుట్టించే సిరప్పు కూడా వాడారు. సిరప్పు వేసినప్పుడు ఏమైందని అడిగాను. "ఆకలి పెరిగిందండీ. రోజుకి రెండు బిస్కెట్ పొట్లాలు ఎక్కువ తినేది. కూర మాత్రం ముట్టలేదు" అని తల్లి చెప్పారు. ఈ జవాబు కేసు మొత్తానికి తాళంచెవి లాంటిదని తర్వాత తెలిసింది. ఆకలి ఉంది, పెరిగింది కూడా. అయినా ఆ పిల్లకి తిండిగా అనిపించేవి అవే పన్నెండు.

దీన్ని ఎవరూ అలా చదవలేదు. "హాస్టల్లో వేస్తే చచ్చినట్టు అన్నీ తింటుంది, ఆకలి రుచెరగదు" అని చుట్టాలందరూ ఒకటే మాట. జూన్‌లో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చారు. భోజనాల హాల్లో ఒకేసారి వందలమంది పిల్లలు, కంచాల మోత, సాంబారు ఆవిరి, ఉడికిన గుడ్ల వాసన. అన్నం ఇంటి అన్నంలా కాకుండా ముద్దగా ఉండేది. బంగాళాదుంప పులుసులో నానిపోయి వచ్చేది. ఆదివారాలు తండ్రి ఇచ్చి వచ్చిన బిస్కెట్లు, మరమరాలతోనే వారమంతా నెట్టుకొచ్చింది. పది వారాల్లో 30 కిలోల నుంచి 26కి దిగింది. ఇంటికి తెచ్చేశాక పాత తిండికి వస్తుందనుకున్నారు. రాలేదు. హాస్టల్లో చూసిన దుంప కళ్లముందు మెదిలి, ఇంటి దుంప వేపుడు కూడా పోయింది. అట్టు పోయింది. పన్నెండు ఆరయ్యాయి.

వచ్చిన సమస్య

నెలగా కాళ్లనొప్పులు. నడవనంటోంది, రాత్రిళ్లు ఏడుస్తోంది. అంతకుముందు చూపించిన చోట ఎదిగే వయసు నొప్పులన్నారు. ఇంకోచోట డైటింగ్ పిచ్చి కావచ్చన్నారు. బుజ్జి నోరు తెరిచినప్పుడు చిగుళ్లు ఉబ్బి, ఊదారంగులో కనిపించాయి. పళ్లు తోమితే నెత్తురు వస్తోందని తల్లి చెప్పారు. మోకాళ్ల కింద వెంట్రుకల కుదుళ్ల చుట్టూ చిన్న ఎర్ర చుక్కలు. నేను ఆ రోజు తిండి థెరపీ మొదలుపెట్టలేదు, నేరుగా పిల్లల డాక్టరు గారి దగ్గరికి పంపాను. ఇలాంటి కేసుల్లో మొదట చూడాల్సింది ఒంటి పరిస్థితి. పళ్లెం సంగతి ఆ తర్వాత.

డాక్టరు గారు ఎక్స్‌రే, రక్తపరీక్షలు చూసి స్కర్వీ అన్నారు, అంటే విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు. హిమోగ్లోబిన్ కూడా తక్కువ, 8.4 ఉంది. స్కర్వీ పాతకాలపు ఓడల జబ్బని నేనూ పాఠాల్లో చదువుకున్నదే. నిమ్మ, నారింజ ఇస్తే నావికులు కోలుకుంటారని జేమ్స్ లిండ్ 1747లోనే చూపించాడు. అదే జబ్బు జామచెట్టున్న పెరట్లో, 21వ శతాబ్దంలో, నా ముందు కూర్చుంది. రోజుకి 10 మిల్లీగ్రాముల విటమిన్ సి లోపలికి వెళ్తే స్కర్వీ రాదు. చిన్న జామముక్కలో అంత ఉంటుంది. కాచిన పాలల్లో దాదాపు ఉండదు, అన్నంలో, బిస్కెట్లో ఉండదు. ఇన్నేళ్లు ఆ పిల్లని కాపాడింది బంగాళాదుంప వేపుడు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా అదొక్కటే ఆ కొరత తీరుస్తోంది. హాస్టల్లో అది పోయాక కాళ్లనొప్పులు రావడానికి రెండు మూడు నెలలు చాలాయి.

విటమిన్ సి మొదలుపెట్టిన కొద్ది రోజులకే నొప్పి తగ్గడం మొదలైంది. మలబద్ధకానికి కూడా మందు ఇచ్చారు. కడుపు బిగిసి ఉన్న పిల్లకి ఆకలి ఎలా వేస్తుంది? చాలారోజులు తిండి తగ్గి ఉన్నవాళ్లకి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రమాదం కావచ్చు. అందుకని మొదటి వారాల్లో తిండి నెమ్మదిగా పెంచుతూ పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించారు. మింగడంలో ఇబ్బంది లేదని స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పారు.

ఏ జబ్బు, ఏది కాదు

పన్నెండేళ్ల ఆడపిల్ల, సన్నబడింది, తిననంటోంది. ఎవరికైనా మొదట తట్టేది అనొరెక్సియా, లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, అడగాలి. బుజ్జిని విడిగా కూర్చోబెట్టి అడిగాను. లావవుతానని భయమా? అద్దంలో చూసుకుంటే ఎలా అనిపిస్తుంది? బరువు తగ్గడం బాగుందా? ఆ ప్రశ్నలు తనకి వింతగా తోచాయి. "నాకు లావవ్వాలనే ఉంది మేడమ్. కాళ్లు నొప్పి పోతే సైకిల్ తొక్కుతాను" అంది. నెయ్యంటే భయం లేదు, పంచదారంటే భయం లేదు. తిండిలో కొవ్వు ఎంతని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. భయం తిండి తగిలే తీరంటే.

ఇది ఎవాయిడెంట్ రెస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్. పొట్టిగా ఆర్‌ఫిడ్ అంటారు. 2013లో మానసిక జబ్బుల నిర్ధారణకి వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5తో ఈ పేరు వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ ఉంది. కొందరిలో ఇది రుచి, వాసన, స్పర్శ తట్టుకోలేకపోవడం వల్ల వస్తుంది. కొందరికి అసలు తిండి మీద ధ్యాసే ఉండదు. కొందరు ఒకసారి గొంతుకి అడ్డం పడ్డాకో, వాంతయ్యాకో భయంతో మానేస్తారు. ఇవి ఒకదానితో ఒకటి కలిసి కూడా ఉంటాయి. బుజ్జిలో మొదటిదే ఎక్కువ, రెండోది కొంచెం. పేచీ పెట్టే పిల్లలందరికీ ఈ పేరు పెట్టకూడదు. బరువు పడిపోవడం, పోషకాల లోపం, టానిక్కుల మీదే బతకడం, నలుగురితో కూర్చుని తినలేక జీవితం కుంచించుకుపోవడం, ఇలాంటివి చూసే నిర్ణయిస్తారు. ఆటిజం ఉన్నవాళ్లలో తిండి ఎంపిక మామూలే కదా అని ఆర్‌ఫిడ్‌ని వదిలేయకూడదు. ఒంటికి ఇంత నష్టం జరిగినప్పుడు రెండూ ఉన్నాయనే చూడాలి.

పళ్లెం ముందు బుజ్జి

రెండోసారి వచ్చినప్పుడు ఏమీ తినమనలేదు. బల్ల మీద జంతిక, అరటిపండు ముక్క పెట్టి వాటి గురించి చెప్పమన్నాను. జంతికని వేళ్ల మధ్య తిప్పింది. వెలుతురులో పట్టుకుని గరుకు అంచులు చూసింది. వాసన చూసి, చెవి దగ్గర విరిచి, అప్పుడు నోట్లో పెట్టుకుంది. "ఇది ప్రతిసారీ ఒకే చప్పుడు చేస్తుంది" అంది. అరటి ముక్కని స్పూనుతో తాకింది, చేత్తో కాదు. పక్కన వేలాడుతున్న నారని చూపించింది. "ఇది నాలికకి చుట్టుకుంటుంది. లోపల ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉంటుంది. ఎక్కడ ఎలా ఉంటుందో ముందు తెలీదు." కాసేపాగి, "బిస్కెట్ ఎప్పుడూ అదే బిస్కెట్. పండు రోజుకో పండు" అంది.

ఇన్నేళ్లలో తిండి గురించి నేను విన్న వివరణల్లో ఇంతకంటే కచ్చితమైనది లేదు. మనకి మామిడిపండులో నచ్చేదే తనని భయపెడుతోంది. అన్నం మాటకొస్తే, కూర కలిపిన ముద్దలో ఏ మెతుకు దగ్గర ఏముందో తెలియదు. నెయ్యన్నంలో అన్ని మెతుకులూ ఒకటే.

ఆకలి సంగతీ అడిగాను. కడుపులో ఆకలి తెలుస్తుందా అంటే ఆలోచించి, "తలనొప్పి వస్తే అమ్మ తినలేదు కదా అంటుంది. అప్పుడు తెలుస్తుంది" అంది. లోపలి కబుర్లు ఆలస్యంగా, అస్పష్టంగా అందే పిల్లని ఆకలి తరుముతుందని నమ్మి హాస్టల్లో వదిలారు.

విఫలమైనవి

ఇంత విన్నాక కూడా నేను తప్పు చేశాను. అది వివరంగా రాయాలి.

స్టార్ చార్ట్ పెట్టాను. కొత్తది తాకితే ఒక నక్షత్రం, నాలికకి ఆనిస్తే రెండు, కొరికితే మూడు. పది వస్తే సైకిల్‌కి కొత్త బెల్లు. వేరే పిల్లలతో వేరే పనులకి ఇది బాగా పనిచేసింది, బుజ్జికి లెక్కలంటే ఇష్టం, అందుకే ఎంచుకున్నాను. మొదటి వారం ఆరు నక్షత్రాలు వచ్చాయి. మూడో సెషన్లో ఉడికించిన క్యారెట్ ముక్క కొరికి, మింగడానికి ప్రయత్నించి వాంతి చేసుకుంది. అప్పుడు కూడా తుడుచుకుంటూ, "మూడు వస్తాయా మేడమ్?" అని అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. భయాన్ని బద్ధకంలా లెక్కేసి, దానికి ధర కట్టాను. ఆ తర్వాత నాలుగు రోజులు అన్నం కూడా మానేసింది. మంచి మార్కులకి అలవాటుపడ్డ పిల్ల కాబట్టి తన ఒంటి మాట పక్కనపెట్టి నాకోసం తినబోయింది. అలాంటి పిల్లకి బహుమతి కూడా బలవంతమే.

రెండోది పాలు. విటమిన్ సి మాత్ర నారింజ రుచిలో ఉండేది, బుజ్జి ముట్టలేదు. "ఎలాగోలా లోపలికి వెళ్లేలా చూడండి" అన్నాను తల్లితో. తల్లి ఆ మాటని పట్టుకుని మాత్ర నూరి పాలల్లో కలిపారు. ఆ పులుపుకి పాలు కొద్దిగా విరిగాయి. బుజ్జి ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, అమ్మ వంక చూసింది. అరవలేదు, ఏడవలేదు. పాలు మానేసింది. ఐదు నెలలు. తిండిలో మాంసకృత్తులు, కాల్షియం చాలావరకు వచ్చేది ఆ పాల నుంచే. ఒక్క మాత్ర కోసం మొత్తం గ్లాసు పోగొట్టుకున్నాం. తప్పు తల్లిది కాదు. "ఎలాగోలా" అన్న మాట నాది, దానికి అర్థం నేనే చెప్పి ఉండాల్సింది.

ఆ తర్వాత మందుని మందులాగే ఇచ్చాం. నారింజ రుచి కలపని మాత్ర, బుజ్జి కళ్లముందే నూరి, నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో, సాయంత్రం ఆరింటికి. సిరంజి తనే నొక్కుకుంటుంది. మందుల షాపులో సైజు తనే ఎంచుకుంది. చేదుగా, పుల్లగా ఉన్నా ఒక్కరోజూ మానలేదు. అందులో దాచింది ఏమీ లేదు.

మూడోది సంక్రాంతి. పండక్కి ఇల్లంతా చుట్టాలు. అల్లుళ్లకి విస్తరి నిండా వడ్డించే రోజులు. ఒక పెద్దాయన ప్రేమగానే, "నా కోసం ఒక్కటి" అంటూ అరిసె ముక్క నోట్లో పెట్టేశారు. బుజ్జి మళ్లీ వెనక్కి జారింది. మూడు వారాలు అప్పడాలు, బిస్కెట్లు తప్ప ఏమీ లేవు. బరువు ఒక కిలో పోయింది.

పనికొచ్చినవి

జనవరి ఆఖర్న తల్లిని, తండ్రిని, మామ్మ గారిని కూర్చోబెట్టి నా ప్లాన్ తప్పని చెప్పాను. ఇకనుంచి బుజ్జి తినే ఆరు రకాలు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, ఎంత కావాలంటే అంత పెట్టాలి. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దలు చూసుకుంటారు. తినాలా, ఎంత తినాలి అన్నది బుజ్జి చూసుకుంటుంది. "ఇంకో ముద్ద" అన్న మాట ఉండదు. తిన్నప్పుడు మెచ్చుకోవడం కూడా ఉండదు.

మామ్మ గారు నిశ్చేష్టులై కూర్చున్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన నేల ఇది. ఇక్కడ కంచం తోసేయడమంటే పెట్టిన మనిషిని తోసేసినట్టే. "బిస్కెట్లు పెట్టి ఊరుకోమంటావా డాక్టరమ్మా? ఊళ్లో ఏమనుకుంటారు?" అన్నారు. నేను ఇలా చెప్పాను: ఇప్పుడు బుజ్జి కంచం దగ్గరికి వచ్చేటప్పుడే గుండె దడదడలాడుతోంది. దడగా ఉన్నప్పుడు ఎవరికీ ముద్ద దిగదు. ముందు ఆ దడ పోనిద్దాం, తిండి రకాలు తర్వాత. ఆవిడ ఒప్పుకోలేదు, కానీ ఒక నెల చూస్తానన్నారు.

అలారం పెట్టి రోజుకి ఆరుసార్లు తినడం మొదలుపెట్టాం, ఆకలి కోసం ఎదురుచూడకుండా. ఇంట్లో చేపల పులుసు పెట్టే రోజు బుజ్జి భోజనం పొయ్యి వెలిగించక ముందే వరండాలో. చేత్తో కలపకుండా స్పూనుతో తినొచ్చు. తినేటప్పుడు ఫోన్లో తనకిష్టమైన రైళ్ల వీడియోలు చూడొచ్చు. మామూలుగా నేను దీనికి వ్యతిరేకిని. కానీ ఈ పిల్లకి ఫోను చుట్టూ ఉన్న చప్పుళ్లని, వాసనల్ని కాస్త దూరం పెడుతోంది. బరువు నిలబడటం ముఖ్యమనిపించి ఒప్పుకున్నాను.

హాస్టల్ మాన్పించి ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చారు. క్లాస్ టీచరుతో మాట్లాడి, తన డబ్బా తనే తెచ్చుకుని, వరండా చివర ఒక స్నేహితురాలితో తినడానికి అనుమతి తీసుకున్నాం. అక్కడ మేం అనుకోనిది జరిగింది. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే పల్లీ చిక్కీ. కవరు చించితే ప్రతిసారీ ఒకే చదరం, విరిస్తే చప్పుడు. ఎవరూ తినమనలేదు. మార్చిలో ఒకరోజు తల్లికి బ్యాగులో ఖాళీ కవరు దొరికింది. ఆవిడ ఫోన్ చేసి, "ఏమీ అనకుండా కవరు చెత్తబుట్టలో వేసేశానండీ. మాట ఆపుకోవడం ఎంత కష్టమైందో" అన్నారు. పల్లీ, బెల్లం. ఆ పిల్లకి అవి ఎంత అవసరమో మాకే తెలుసు. పాలు కూడా ఆ నెలలోనే తిరిగొచ్చాయి, తను కాచి, తను వంచుకున్న గ్లాసుతో.

ఇక జంతికలు. తినేదాని నుంచి దానికి దగ్గరగా ఉండే ఇంకోదానికి ఒక్కో అడుగు వెయ్యడం ఫుడ్ చైనింగ్ అనే పద్ధతి. కొట్టు జంతికల నుంచి ఇంటి జంతికలకి వెళ్లాలి, అప్పుడు పిండి మన చేతిలో ఉంటుంది. ఈ పని మామ్మ గారికి అప్పగించాను. ఆవిడ రంగంలోకి దిగారు. కొట్టువాడి బిళ్లకి ఎన్ని చిల్లులు, నక్షత్రం ఎంత సైజు అని కొట్టుకెళ్లి కనుక్కొచ్చారు. అలాంటి గొట్టమే కొన్నారు. మొదటి మూడు వాయిలు బుజ్జి చెవి దగ్గర విరిచి, వద్దంది. నాలుగోది, "సరిపోయింది" అంది.

ఆ తర్వాత పిండి మార్చడం. పాల దెబ్బ తిన్నాక ఇక్కడ దొంగచాటు లేదు. బుజ్జికి వంటింటి తక్కెడ, ఒక నోటుబుక్కు ఇచ్చాం. వంద గ్రాముల వరిపిండికి పది గ్రాముల మినప్పిండి, తర్వాత పదిహేను. ప్రతి వాయికీ రంగు, చప్పుడు, నూనె వాసన తను రాస్తుంది. నచ్చకపోతే వెనక్కి వెళ్తాం. ఇరవై ఐదు దాటితే మెత్తబడుతోందని తనే ఆపింది. పెసరపిండి వాసన పడలేదు. నాలుగు నెలలకి ఆ నోటుబుక్కులో 31 వాయిల లెక్క ఉంది. మామ్మ గారు పిండి ఒత్తుతుంటే మనవరాలు పక్కన కూర్చుని కొలిచేది. ఒకరోజు ఆవిడ, "ఇన్నేళ్లలో ఇది నా పక్కన వంటింట్లో కూర్చోవడం ఇదే" అన్నారు.

జంతికల నుంచి కరకర అంచుల అట్టు తిరిగొచ్చింది. అక్కడి నుంచి దిబ్బరొట్టె, పైన ఎర్రగా కాలిన పెచ్చు మాత్రమే. లోపలి మెత్తటిది తండ్రి తింటారు. నాకది పూర్తిగా సమ్మతమే.

జామకాయ

విటమిన్ సి ఎప్పటికీ సిరంజితోనే ఇవ్వలేం కదా. పెరట్లో చెట్టుంది. పండు పనికిరాదు, మెత్తన, వాసన ఎక్కువ. దోరకి కూడా రాని గట్టి కాయ అయితే కరకరలాడుతుంది, లోపల గింజలు తీసేస్తే అంతటా ఒకేలా ఉంటుంది, వండక్కర్లేదు కాబట్టి విటమినూ పోదు. అందుకే దాన్ని ఎంచుకున్నాం.

జులైలో మొదలుపెట్టాం. మొదట బల్ల రెండో చివర, వేరే పళ్లెంలో, మూత పెట్టి. రెండు వారాలకి మూత తీశాం. ఆగస్టులో కాయని తనే కోసింది, వేళ్లకి తడి తగలకుండా గుడ్డతో పట్టుకుని. సెప్టెంబరులో వాసన, తర్వాత ఉప్పు అద్దిన ముక్కని నాలికతో. కొరికి ఉమ్మేయొచ్చని చిన్న గిన్నె పెడితే మామ్మ గారు ఒప్పుకోలేదు. తిండి ఉమ్మడం పాపమన్నారు. ఆ మాట నేను తోసిపుచ్చలేదు. "మరి చెరుకు నమిలి పిప్పి ఉమ్ముతాం కదండీ, పెరట్లో?" అన్నాను. కాసేపు ఆలోచించి, "పెరట్లో అయితే పర్లేదు" అన్నారు. అలా జామకాయ బల్ల మీది నుంచి పెరటి అరుగు మీదకి వెళ్లింది. అదే మంచిదయింది. భోజనమన్న పేరే లేకుండా పోయింది.

నవంబరు ఆఖరి వారంలో ఒక సన్న ముక్క నమిలి, ఉమ్మలేదు. అంతవరకూ వచ్చిన ఐదు నెలల్లో ఒక్కసారి కూడా తినమని ఎవరూ అనలేదు.

నా పనిలో మార్చుకున్నవి

ఇప్పుడు కొత్త పిల్లలొస్తే ఏం తినరని ముందు అడగను, ఏం తింటారని అడుగుతాను, ఆ జాబితా డైటీషియన్‌కి చూపిస్తాను. ఏ ఒక్క వస్తువు పోతే ఏ పోషకం మొత్తం పోతుందో వెతుకుతాం. బుజ్జి బంగాళాదుంప నాకు నేర్పింది అది. నడవనని మారాం చేసే, తిండి రకాలు బాగా తక్కువున్న పిల్లల చిగుళ్లు తప్పకుండా చూస్తాను. తినే వాటిలో ఏదీ కలపొద్దని మొదటి రోజే కాగితం మీద రాసిస్తాను. తినే పిల్లలకి వాడే బహుమతి పద్ధతి భయంతో తినని పిల్లల దగ్గర వాడటం మానేశాను. రెండో సంక్రాంతికి పది రోజుల ముందే తండ్రి చుట్టాలందరికీ ఫోన్ చేసి, "మా అమ్మాయిని తినమని ఎవరూ అనకండి, డాక్టరు గారు చెప్పారు" అన్నారు. ఆ ఫోన్లు చేయమని మొదటి పండక్కే నేను చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు

ఇది రాసేనాటికి బుజ్జి నా దగ్గరికి వచ్చి పదిహేడు నెలలు. ఎత్తు 144, బరువు 33.5 కిలోలు, హిమోగ్లోబిన్ 11.8. తినేవి పదహారు. బంగాళాదుంప వేపుడు తిరిగొచ్చింది. కూర, చారు, చేప లేవు. అవి వస్తాయని నేను మాటివ్వలేదు, ఇంట్లోవాళ్లు అడగడం మానేశారు. బడికి కాలవ గట్టు మీద సైకిల్ మీద వెళ్తోంది. సాయంత్రం నాలుగున్నరకి మామ్మ గారు అరుగు మీద నాలుగు జామముక్కలు, ఉప్పు పెట్టి, చూడకుండా లోపలికి వెళ్లిపోతారు.

సిరంజి ఇంకా ఆపలేదు. ఎండాకాలంలో వాళ్ల పెరటి చెట్టుకి జామకాయలు ఉండవు. ఆ నెలలకి పచ్చిమామిడి ప్రయత్నిస్తున్నాం. ప్రస్తుతం అది బల్ల రెండో చివర, వేరే పళ్లెంలో, మూత కింద ఉంది.